పదహారు పండ్ల కంప్యూటర్

కంప్యూటర్ కొనడానికి మా మామను వెంటబెట్టుకుని పోయానంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మామ అంటే మా ఆయన తండ్రి. ఆయనకు చదువు రాదు. ఫోన్‌లో పచ్చ గుర్తు నొక్కితే మాట్లాడొచ్చని, ఎర్ర గుర్తు నొక్కితే తప్పించుకోవచ్చని మాత్రం తెలుసు. కానీ ఒకప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు ఎద్దును కొనాలన్నా ముందు మా మామను బతిమాలి పశువుల అంగడికి తీసుకుపోయేవాళ్ళు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. అప్పటి నుంచి ఆయన కంటికి పని లేదు. ఆ కసి అంతా కూరగాయల బండి మీద తీర్చుకునేవాడు. ఒక్క వంకాయను నాలుగు వైపులా తిప్పి చూసేసరికి బండివాడు పక్క గల్లీకి పోయేవాడు.

నేను ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడతాను. కుడుతూ కుడుతూ పాటలు కడతాను. ఈ రెండో పని వల్ల మొదటి పని చెడిన రోజులూ ఉన్నాయి. ఒకసారి చరణం కుదిరిన సంతోషంలో ఒకావిడ జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను. ఆవిడ ఇప్పుడు తుక్కుగూడ దాకా పోయి కుట్టించుకుంటుంది.

అసలు గొడవ ఒక బతుకమ్మ నాడు మొదలైంది. మా కాలనీ ఆడవాళ్ళం ప్రతి ఏడూ డీజే డబ్బాలో ఎవరెవరివో పాటలు పెట్టుకుని ఆడతాం. మన కాలనీకి మన పాట ఒక్కటన్నా వద్దా అని నేనే ఎగిరి, ఫోన్‌లో ఒక పాట తయారు చేసి తీసుకుపోయాను. గొంతు నాదే, చప్పట్లు నావే, డప్పు కూడా స్టీలు బిందె మీద నేనే కొట్టాను. తీరా డబ్బాలో పెట్టాక చూస్తే, ‘ఉయ్యాలో’ అన్న చోట పడాల్సిన చప్పట్లు జానెడు వెనక పడుతున్నాయి. సగం మంది పాటతో పోయారు, సగం మంది చప్పట్లతో పోయారు. గుండ్రంగా తిరగాల్సిన వరుసలో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. ఒకావిడ మెట్టె ఊడిపోయింది. ఆఖరికి పాటను మధ్యలోనే ఆపేశారు.

మా ఎదురింటామె నాకంటే చిన్నది, కానీ నోరు మాత్రం నాకంటే పెద్దది. ఆమె అందరి ముందూ అంది: “పాట మంచిగనే ఉన్నదక్కా. గని చుట్టం పోయినంక చాయ్ పెట్టినట్టు, చప్పట్లు ఎనక వస్తున్నయ్.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నేను చెత్తబండి దగ్గర కనబడినా, పాల పాకెట్ల దగ్గర కనబడినా ఆమె ఒకటే మాట: “ఈసారన్న చాయ్ జల్ది పెట్టక్కా.” ఒకనాడు ఓపిక పట్టలేక, పదిమంది వింటుండగా శపథం చేశాను. “వచ్చే బతుకమ్మకు నా పాట మీద మీరందరు ఆడుతరు. ఆడకపోతే ఇగ జన్మల పాట కట్ట.” కోపంలో అన్న మాట కాలనీలో అందరికీ గుర్తుండిపోయింది. పాటలు లేకుండా నేను ఎట్లా ఉంటానో నాకు తెలియదు. కుట్టుమిషన్ ముందు ఉట్టినే కూర్చున్న నన్ను ఊహించుకుంటేనే భయమేసేది.

తప్పు నా ఫోన్‌దీ, ఇయర్‌ఫోన్లదీ అని తర్వాత తెలిసింది. వైరు లేని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డు చేస్తే మనకు పాట కాస్త ఆలస్యంగా వినబడుతుందట, అందుకే చప్పట్లూ ఆలస్యంగా పడతాయట. పైగా పదో గొంతు కలపగానే ఫోన్ పెనంలా కాలి ఆగిపోయేది. కంప్యూటర్ ఉంటే తప్ప పని కాదని తేలింది. ‘తక్కువ ధరలో పాటల పనికి ఏ కంప్యూటర్’ అని మూడు నెలలు వీడియోలు చూశాను. చూసేకొద్దీ బీదదాన్నవుతూ వచ్చాను. ప్రతివాడూ తక్కువ ధర అని మొదలుపెట్టి, చివరికి ఒక స్కూటీ ఖరీదు దగ్గర తేలేవాడు.

మా ఆయన ఎయిర్‌పోర్టులో సరుకులు ఎక్కించే దగ్గర పని చేస్తాడు. ఆయనను సలహా అడిగితే, “పెట్టె ఎత్తమంటె ఎత్తుత, దించమంటె దించుత. లోపల ఏమున్నదో నన్నడగకు. బాపును తీస్కపో, మంచిగ జూస్తడు” అన్నాడు. అది పరాచికానికి అన్న మాటే. కానీ తెల్లారి లేచి చూస్తే మామ స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, ఎర్ర తువ్వాల భుజాన వేసుకుని అరుగు మీద తయారుగా కూర్చున్నాడు. పదిహేనేళ్ళ తర్వాత అంగడికి పిలుపు వచ్చింది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రాజేంద్రనగర్ దారిలో మేడ మీద ఒక పాత కంప్యూటర్ల దుకాణం ఉంది. యజమాని కోస్తా మనిషి, ప్రతి మాటకూ అండీ తగిలిస్తాడు. “రండమ్మా, కూర్చోండి పెద్దాయనా. ఏ అవసరానికి చూస్తున్నారండీ?” అన్నాడు. పాటలు చేయడానికి అన్నాను. ఆయన మూడింటిని వరుసగా పెట్టాడు. మొదటిదానికి రంగురంగుల లైట్లు, పెళ్ళి పందిరిలా మెరుస్తోంది. రెండోది సన్నటి ల్యాప్‌టాప్, చంకలో పెట్టుకుపోవచ్చు. మూడోది నల్లటి డబ్బా, ఒక మూల సొట్ట పడి ఉంది. కొత్తూరులో ఏదో ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి వచ్చిందట.

నా కళ్ళు లైట్ల మీదే ఉన్నాయి. మామ మాత్రం వాటి చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. వెనక వైర్లు గుచ్చే రంధ్రాల దగ్గర వంగి చూశాడు. డబ్బా వీపు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

“దీనికెన్ని పండ్లు?” అని అడిగాడు.

దుకాణదారు నా వైపు చూశాడు. ఎద్దు వయసు పండ్లను బట్టి తెలుస్తుందని, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదితో నోరు నిండుతుందని నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన మర్యాదస్తుడు. ఏమనుకున్నాడో ఏమో, “లైట్లదానికి ర్యామ్ ఎనిమిదండీ. ఈ నల్లదానికి పదహారు వేశాను” అన్నాడు.

మామ నల్లదాని మీద చెయ్యి వేశాడు. “పదహారు పండ్ల ఎద్దును నేనెన్నడు జూడలె బిడ్డ” అన్నాడు, గొంతు తగ్గించి.

దుకాణదారు లైట్లదానిలో ఒక సినిమా పాట వీడియో పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది, చప్పుడు గుండెకు తగులుతోంది. నేను ఇగ ఇదే అనబోయాను. మామ నా చెయ్యి పట్టి ఆపాడు.

“ఇది మేసి సూపెట్టింది. దున్ని సూపెట్టలె. బండి గట్టకుంట ఎద్దును కొంటరా ఎవరన్న?”

నిజానికి అంగడిలో అదే పద్ధతి. ఎద్దును కొనే ముందు బండికి కట్టి, రాళ్ళు నింపి, చక్రాలు తిరగకుండా మోకు బిగించి లాగిస్తారు. మోకాళ్ళు వంచి లాగిందంటేనే బేరం. మూడు నెలలు చూసిన వీడియోల్లో ఒక్కడూ ఇంత తెలివైన మాట చెప్పలేదు. నా పాటలో ఒకేసారి మోగాల్సిన గొంతులు, చప్పట్లు, డప్పు వేరువేరుగా, మొత్తం ఇరవై రెండు ముక్కలు, పెన్‌డ్రైవ్‌లో వేసి సంచిలో తెచ్చుకున్నాను. తెచ్చాను గానీ అడగడానికి సిగ్గుపడి దాచుకున్నాను. ఇప్పుడు తీసి బల్ల మీద పెట్టాను.

“ఇక్కడ అలా కుదరదండీ” అన్నాడు దుకాణదారు. మామ తువ్వాల తీసి నేల మీద పరుచుకుని దుకాణం మధ్యలో కూర్చున్నాడు. కాసేపటికి కుదిరింది.

లైట్లదాని మీద ముక్కలు ఒక్కొక్కటే ఎక్కించాం. తొమ్మిది దాకా బాగానే పోయింది. పన్నెండోది ఎక్కగానే లోపల ఫ్యాను హోరుమంది, నా గొంతు నత్తి పట్టినట్టు ఆగి ఆగి వచ్చింది. మామ దాని పక్కన చెవి పెట్టి, “రొప్పుతున్నది” అన్నాడు. ల్యాప్‌టాప్ పదిహేను దాకా లాగింది. ఆయన దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, “జరమొచ్చింది. ఇడ్వుర్రి” అన్నాడు. నల్లడబ్బా ఇరవై రెండూ ఎత్తుకుంది. నేను వైరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ దుకాణంలోనే పాటకు చప్పట్లు కొట్టి రికార్డు చేశాను. చప్పట్లు ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. మామకు వినిపించాను.

“రెండెడ్లు ఒక్క అడుగేస్తున్నయ్” అన్నాడు. “ఇది ఆఫీసుల కూసుండి కూసుండి బలిసింది. పని జెప్పినోడు లేడు. ఇదే తీస్కుందాం.”

బేరం కూడా అంగడి లెక్కనే జరిగింది. ఎడ్ల బేరం నోటితో చెప్పరు. తువ్వాల కప్పి, దాని కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియొద్దని. మామ లేచి, దుకాణదారు చేతి మీద తువ్వాల వేసి, కింద నుంచి పట్టుకున్నాడు.

“పెద్దాయనా, చెయ్యెందుకు పట్టుకున్నారండీ?”

“సప్పుడు జెయ్యకు. ఇంటరు.”

దుకాణంలో మేం ముగ్గురమే ఉన్నాం. మామ రెండు వేళ్ళు నొక్కాడు. దుకాణదారు కదలకుండా నిలబడ్డాడు. మామకు అది గట్టి బేరగాడి లక్షణంలా కనబడింది. ఇంకో వేలు మార్చి నొక్కాడు. ఆ మనిషి చెయ్యి విడిపించుకోబోయి పొరపాటున తిరిగి నొక్కినట్టున్నాడు. మామ ముఖం విచ్చుకుంది. “ఒప్పుకున్నడు” అన్నాడు.

“నేనేం ఒప్పుకున్నానండీ?”

“మాట దప్పుతవా? చదువుకున్నోనివి.”

“చెయ్యి వదిలితే తగ్గిస్తానండీ” అన్నాడు దుకాణదారు నా వైపు తిరిగి, నిజంగానే తగ్గించాడు. పాత మానిటరుకు వేరే డబ్బు కూడా అడగలేదు.

ఆటోలో డబ్బాను మామ ఒడిలోనే పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా దాన్ని పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ రోజు నేనెంత సంతోషంగా ఉన్నానంటే, ఎదురింటామె గేటు దగ్గర నిలబడి “ఏందక్కా గది, మైక్రోవేవా” అని అడిగినా కోపం రాలేదు.

కష్టం గడపలో కాచుకుని ఉంది. కొత్త ఎద్దు ఇంటికి వస్తే గడపలో నిలబెట్టి, కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసి, బొట్టు పెట్టి లోపలికి తీసుకోవడం మా ఇంటి ఆచారం. డబ్బాను గడప ముందు పీట మీద పెట్టాం. బొట్టు నేనే పెట్టాను, ఆ పాపంలో నాకూ భాగం ఉంది. చెంబులో నీళ్ళు మామ పోశాడు. కాళ్ళ మీదనే పోశాడు, అందులో అబద్ధం లేదు. కానీ దాని కాళ్ళకూ ముఖానికీ మధ్య దూరం ఎంతని? ముందున్న జాలీలోంచి పసుపు నీళ్ళు లోపలికి జారాయి. అప్పుడు మేం గమనించలేదు. లోపల పెట్టి స్విచ్ వేస్తే అది పలకలేదు.

దుకాణదారుకు ఫోన్ చేశాను. “నీళ్ళాండీ? పసుపు నీళ్ళా?” అని రెండుసార్లు అడిగి, “గ్యారంటీలో పసుపు నీళ్ళు రావమ్మా” అన్నాడు. పక్క రేకు విప్పి, రెండు రోజులు నీడలో బాగా ఆరనిచ్చి, అప్పుడు చూడమన్నాడు. బతుకమ్మకు ఇంకా పది రోజులే ఉంది.

నాకు కోపం ఆగలేదు. ఏడాది జాకెట్లు కుట్టిన కష్టం పసుపు నీళ్ళ పాలయింది. “ఇది పశువు గాదు మామా, మిషను. నీకు తెల్వనిదాంట్ల చెయ్యి పెట్టకు” అన్నాను. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆయనతో అట్లా మాట్లాడింది లేదు. ఆయన తలకాయ ఊపి, చెంబు తీసుకుపోయి కడిగి, బోర్లించి పెట్టాడు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే విప్పిన డబ్బా ముందు పీట వేసుకుని, విసనకర్రతో విసురుతున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిచాను, రాలేదు. చాయ్ పెట్టి పక్కన ఉంచితే అది చల్లారిపోయింది. “ఫ్యానున్నది గద మామా” అన్నాను. “దాని గాలి సాలదు” అన్నాడు. విసురుతూనే, నా వైపు చూడకుండా, “నా చేతుల మీద ఒక్క ఎద్దు సావలె బిడ్డ” అన్నాడు. అప్పుడు నాకు నా మీదే రోత పుట్టింది. క్షమించమని అనాలనిపించింది. మా ఇంట్లో ఆ మాట అనే అలవాటు ఎవరికీ లేదు. వంటింట్లోకి పోయి ఆయనకిష్టమని, ఎండబెట్టి దాచిన చింతచిగురుతో పప్పు చేశాను. ఆయన అదీ తినలేదు.

మూడోనాడు స్విచ్ వేశాను. లోపల ఎక్కడో చిన్న దీపం వెలిగి, ఫ్యాను మెల్లగా ఊపిరి తీసింది. మామ గుమ్మం అవతల నిలబడి చూసి, లోపలికి రాకుండానే పోయి రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాడు.

ఇగ రికార్డు చేయడమే మిగిలింది. ఎయిర్‌పోర్టు పక్కనే ఏళ్ళుగా ఉంటున్నాం కాబట్టి మాకు తలల మీదుగా విమానాలు పోవడం వినబడదు. మైకుకు మాత్రం వినబడుతుంది. చరణం ఎత్తుకోగానే ఒకటి, అది పోయిందనుకుంటే వెనక ఇంకొకటి. రెండు రోజుల్లో ఒక్క చరణం కాలేదు. మూడో రోజు మామ దగ్గరకు పోయాను. “మామా, మీద నిలవడి విమానాలు నువ్వు జూస్తెనే నా పాట అయితది” అన్నాను. ఆయన లేచి, అటక మీద నుంచి ఎడ్ల పగ్గం దించాడు. ఒక కొస డాబా మీద తన చేతిలో, ఇంకో కొస కిటికీలోంచి వచ్చి నా ఎడమ చేతికి. ఒకసారి గుంజితే ఆగాలి, రెండుసార్లు గుంజితే పాడాలి. ఎడ్లు పోయిన పదిహేనేళ్ళకు ఆయనకు తోలడానికి కోడలు దొరికింది. ఎదురింటామె తన డాబా మీద బట్టలు ఆరేస్తూ ఇదంతా చూసింది. కాలనీలో ఏం ప్రచారమైందో నేను అడగలేదు.

పగ్గం పద్ధతి బాగా పని చేసింది. ఒక్కసారి మాత్రం అది కిటికీ చువ్వకు చిక్కుకుంటే, ఆయన పై నుంచి కేకేశాడు. ఆ ముక్క పాడైంది. పాడైన ముక్కలను నేను తుడిచేసేదాన్ని కాదు, గుడ్డ ముక్క పారేయని అలవాటు నాది. వినబడకుండా వాటి నోరు నొక్కి పక్కన పెట్టేదాన్ని. ఆఖరు రోజు డీజే అతను సాయంత్రం వస్తానని మధ్యాహ్నమే వచ్చి గేటు బాదాడు. ఆ హడావుడిలో పాటను ఒక్కటిగా చేసి, మొదటి నుంచి చివరిదాకా వినకుండానే పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టాను.

గునుగు పూల బతుకమ్మలు మధ్యలో పెట్టి నలభై మందిమి చుట్టూ నిలబడ్డాం. మగవాళ్ళు దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నారు, వాళ్ళలో మామ కూడా. పాట మొదలైంది.

‘గోడ పక్కన గునుగు ఉయ్యాలో, కోసుకొచ్చిన కోడలు ఉయ్యాలో.’

చప్పట్లు ఉయ్యాలో మీదనే పడ్డాయి. నలభై జతల చేతులూ, డీజే డబ్బాలోని నా చేతులూ ఒక్కటిగా పడ్డాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో చరణం అయి, ఊపిరి తీసుకునే ఖాళీ వచ్చింది. అంత పెద్ద డబ్బాలోంచి మా మామ గొంతు కాలనీ అంతా దద్దరిల్లేలా వినబడింది.

“ఆగు బిడ్డ, ఇంకోటొస్తున్నది. పెద్దది.”

వరుస మొత్తం ఉన్నచోటే ఆగిపోయింది. కొందరు ఆకాశంలోకి చూశారు. నోరు నొక్కాల్సిన ముక్కల్లో ఒకదాన్ని నేను మరిచిపోయానని నాకు అప్పుడు తెలిసింది. ఇంకో ఏడాది నవ్వులు, ఇగ పాట లేదు అనుకున్నాను. నవ్వులు వచ్చాయి కూడా. కానీ మూడో చరణం సరిగ్గా తాళం మీద ఎత్తుకుంది, నవ్వుతూనే చేతులు మళ్ళీ కలిశాయి. పాట అయిపోగానే ఎదురింటామె డీజే అతనితో, “అన్నా, మల్ల పెట్టు. మామ పాట” అంది. రెండోసారి ఆ మాట కోసం అందరూ కాచుకున్నారు. రాగానే నలభై మందీ ఒక్కసారి ఆగి, “పెద్దది” అని మామతో కలిసి అన్నారు. ఆ సాయంత్రం అది నాలుగుసార్లు ఆడింది. నేను ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తే మామ తువ్వాల ముఖం మీదికి లాక్కుని నిలబడి ఉన్నాడు.

ఇంటికి వస్తుంటే ఆయన నా పక్కన నడిచాడు.

“పశువు గాదంటివి గద బిడ్డ” అన్నాడు గేటు దగ్గర ఆగి. “మరి నా గొంతు దానికెట్ల యాదికున్నది?”

ముక్కల సంగతి, నోరు నొక్కడం మరిచిన సంగతి చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

“నీ చేతి నీళ్ళు తాగింది గద మామా” అన్నాను. “యాదికుంటది.”